మోకాలెత్తు తోట

ఫోన్ టింగుమంది. మెయిల్ చదివి వైశాలి ఎగిరి గంతేసింది.

"ఆంటీ, పర్మిషన్ వచ్చేసింది! సిటీ కౌన్సిల్ ఓకే అంది!"

అలివేలు వీధి గుమ్మంలోకి వచ్చింది. ఎదురుగా ఫుట్‌పాత్‌కీ రోడ్డుకీ మధ్య గడ్డి పట్టీ. ఇకమీదట అక్కడ ఆకుకూరలు వేసుకోవచ్చు.

రెండేళ్ళ క్రితం ఒక సాయంత్రం, వాకింగ్ నుంచి వస్తున్న ఆమె భర్త సత్యనారాయణమూర్తిని అక్కడే ఒక కారు గుద్దింది. ఆగలేదు. ఎవరిదో తెలియలేదు. అలివేలు అక్కడ చిన్న చెక్క గుర్తు పాతి, పూలు కట్టేది. ఏడాది తిరిగాక కౌన్సిల్ దాన్ని తీసెయ్యమంది. రోడ్డు పక్క గుర్తులకు గడువు ఉంటుందట. తోటకు ఉండదు. ఆ దారి కనిపెట్టింది వైశాలే. ఫారం నింపిందీ తనే.

వైశాలి మెడలో పసుపుతాడు ఇంకా పచ్చగానే ఉంది. భర్త హేమచంద్రతో పక్కింట్లోకి అద్దెకొచ్చి నెలన్నర. అతను రైల్వే స్టేషన్ దగ్గర ఇల్లు చూద్దామంటే, ట్రుగనీనా పేటలో ఈ వీధే కావాలని పట్టుబట్టింది.

"నీ పెళ్ళాం నాకు దేవుడిచ్చిన కూతురు బాబూ," అంది అలివేలు, కుండీలు దింపుతున్న హేమచంద్రతో.

"కూతుర్ని కాస్త కారెక్కమనండి ఆంటీ. నర్సరీకి కూడా బస్సులోనే! నా ఒళ్ళో రెండు పుదీనా కుండీలు, పక్కన కూర్చున్న పాప ఆకులు తుంచుకుంటూ తింటోంది."

వైశాలి పకపకా నవ్వింది. అంతలోనే ఉలిక్కిపడి వెనక్కి చూసింది.

"ఏంటి?" అన్నాడు హేమచంద్ర.

"ఏదో కర్ర విరిగిన చప్పుడు. నీకు వినబడలేదా?"

అలివేలు ముఖం పాలిపోయింది. "ఆయన చేతికర్ర రెండు ముక్కలై దొరికిందమ్మా. ఆ సంగతి నీకు నేనెప్పుడూ చెప్పలేదే!"

వైశాలి మడి కొలిచే తాడూ మేకులూ తీసుకుని గడ్డిలోకి నడిచింది. గుర్తు పీకేశాక అక్కడ ఆనవాలే మిగల్లేదు. అయినా వెతుక్కోకుండా ఒకచోట మేకు గుచ్చింది.

"సరిగ్గా అక్కడే పడ్డారు," అలివేలు చేతులు జోడించింది. "నీకు ఆయనే చూపిస్తున్నారు తల్లీ. గోంగూర వెయ్యి. ఆయనకి ప్రాణం."

హేమచంద్ర మెయిల్ చూశాడు. "వెయ్యొచ్చు ఆంటీ. మోకాలెత్తు దాటకుండా కోస్తూ ఉండాలంతే. రోడ్డు దాటేవాళ్ళు డ్రైవర్లకి కనబడాలట."

వైశాలి చేతిలోంచి తాడు జారిపోయింది. గడ్డిలోనే కూలబడి, పుదీనా కుండీని గుండెకు హత్తుకుంది.

"ఎండకి కళ్ళు తిరిగాయేమో. పోనీలే, రేపు పొద్దున్నే ముగ్గురం కలిసి నాటుదాం," అంది అలివేలు, ఆమె తల నిమురుతూ.

"రేపు మీరిద్దరూ నాటండి ఆంటీ," అంది వైశాలి. "నేను పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి, ఆ సాయంత్రం ఎదురెండలో ఆయన నాకు కనబడలేదని, నా కారు కింద కర్ర విరిగిన చప్పుడే వినబడిందని చెప్పాలి."