ముప్పై గంటల దూరం

వదిన తలుపు ఓరగా తీసి, మరిది అరిగిపోయిన చెప్పుల్ని ఈసడింపుగా చూసింది. ఆ తర్వాత అతని చేతిలోని సంచీని చూసింది. దాపురించాడు, ఇక నెలల తరబడి తిష్ఠే అనుకుంది.

ఈ పీడ తన ఇంటిమీద పడకూడదనే, ఇన్నేళ్లూ అతను వస్తానన్నప్పుడల్లా "మూడు విమానాలు మారాలి, ముప్పై గంటలు పడుతుంది" అని బెదరగొడుతూ వచ్చింది. మొగుడు పక్కనుండి విన్నా నోరెత్తేవాడు కాదు.

"ఒకటే విమానం వదినా! నాలుగు గంటల్లో దింపేశాడు," అన్నాడు మరిది.

ఆమె తొణకలేదు. "సొంత అన్న పోతే కడసారి చూపుకి రాని పెద్దమనిషివి, నెల తిరిగాక ఇప్పుడెందుకు ఊడిపడ్డావు?" అంది, గుమ్మానికి అడ్డంగా నిలబడే.

"ఆ రోజు పొద్దున నువ్వే ఫోన్ చేసి, సాయంత్రం తీసుకెళ్లిపోతున్నాం అన్నావు. ముప్పై గంటలంటే ఎలాగూ అందుకోలేనని కూలబడిపోయాను. ఈ సంచీ అప్పుడు సర్దిందే."

ఆమె మళ్లీ ఆ సంచీ వైపు చూసింది.

"ఈ విమానం ఈమధ్యే వేశారా వదినా?"

"ఆఁ... ఈమధ్యే," అంది.

అతను ఆమెను ఎగాదిగా చూశాడు. ఇందాక తను అతని చెప్పుల్ని చూసిన చూపే అది.