నడుము కొలత

కటింగ్ మాస్టారు తన ప్యాంటుకి తనే మళ్ళీ కుట్టు వేసుకుంటున్నాడు.

నడుము దగ్గర అరంగుళం లోపలికి. ఏడాదిలో ఇది అయిదోసారి.

"గుడ్డ సాగిపోయింది," అన్నాడు భార్యతో. పక్కన కాజాలు కుడుతున్న ఆవిడ తలూపింది.

ఇంకొకరైతే ప్యాంటు జారిపోతుంటే కంగారుపడేవారు. మాస్టారికి ఆ అవస్థ లేదు. చేతిలో సూది ఉండబట్టి ఒంటిమీద బట్ట ఎప్పుడూ అతికినట్టే ఉండేది. తన పనితనమే తన కళ్ళకి గంతలు కట్టింది, పాపం.

చొక్కా కుట్టించుకోవడానికొచ్చిన పెద్దాయన మాత్రం ఆ కుట్లవంకే చూస్తున్నాడు. వచ్చినప్పుడల్లా అన్నీ ఆరా తీస్తాడని ఆలుమగలిద్దరూ ఆయనకి పెట్టిన పేరు వాకబు తాత.

"గుడ్డ సాగలేదు మాస్టారూ, మీరే తగ్గిపోతున్నారు. జ్వరం వచ్చి పోతోందా?"

"పనెక్కువైతే ఒళ్ళు వెచ్చబడదా ఏంటి?"

"నోట్లో తెల్లటి పూత?"

మాస్టారు టక్కున నోరు మూసుకున్నాడు.

"కొన్నేళ్ళ కిందట జ్వరం, ఒంటినిండా దద్దుర్లు వచ్చి, వాటంతటవే పోయాయా?"

వచ్చాయి. పది రోజుల్లో పోయాయి. తర్వాత ఆరేళ్ళు గుండ్రాయిలా తిరిగాడు.

"పెద్దాసుపత్రిలో హెచ్.ఐ.వి. పరీక్ష చేయించుకోండి బాబూ."

కత్తెర బల్లమీద ఠంగుమంది.

"పెద్దవారని ఊరుకుంటున్నాను. అలాంటి రోగాలవాళ్ళు నా కొట్టు మెట్లు కూడా ఎక్కరు. ఇక దయచేయండి!"

పెద్దాయన ముఖం చిన్నబోయింది.

"ఆలస్యం మాత్రం చెయ్యకండి," అని మెట్లు దిగాడు. మళ్ళీ రాలేదు.

మూడు నెలలకి మాస్టారు బల్ల దగ్గరే కూలబడ్డాడు. భార్య పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. ఇద్దరికీ రక్తపరీక్ష చేశారు. ఆవిడకి లేదు, అతనికి ఉంది.

"నేనింకెన్నాళ్ళమ్మా?" అనడిగాడు మందులిచ్చే నర్సుని.

"రోజూ మందులు వేసుకుంటే అందరిలాగే బతుకుతారు."

"నన్ను ఊరడించడానికి అంటున్నారు."

ఆమె జవాబు చెప్పేలోపే అతనికి ఏడుపు తన్నుకొచ్చింది.

"ఒక పెద్దాయన అప్పుడే ఇక్కడికి రమ్మని చెప్పారమ్మా. నానా మాటలూ అని పంపేశాను. తెల్లటి గడ్డం, కుడిచెవి దగ్గర మచ్చ. ఎక్కడుంటారో తెలిస్తే చెప్పండి, కాళ్ళు పట్టుకుంటాను."

నర్సు చేతిలో డబ్బా కింద పెట్టింది.

"పోయిన నెల నిద్రలోనే పోయారండీ. డెబ్బై ఎనిమిదేళ్ళు."

మాస్టారు కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆయన ఇక్కడ డాక్టరా అమ్మా?"

"కాదు," అంది నర్సు, "భయపడేవాళ్ళకి చెప్పమని నా దగ్గర మాట తీసుకున్నారు కాబట్టి చెబుతున్నా, ఇరవయ్యేళ్ళ కిందట మీకన్నా చిక్కిపోయి నలుగురు మోసుకొస్తే వచ్చి, మొన్నటిదాకా ఈ బిళ్ళలే మింగారు."