అలిగిన ఎద్దు

"రంగులెయ్యమ్మా! ఈ మట్టిముద్దల్లో ముఖాలెక్కడ కనబడుతున్నాయి?" అన్నాడు హైదరాబాద్ నుంచి వచ్చిన దుకాణదారు.

హరితకు ఒళ్లు మండింది.

కట్టంగూర్ నుంచి నల్గొండ ప్రదర్శనకు ఆమె తెచ్చినవన్నీ కాల్చిన మట్టిబొమ్మలే. నవ్వు ఆపుకుంటున్న కప్ప, గొప్పలు పోయే కోడిపుంజు, అలిగి మూతి తిప్పుకున్న ఎద్దు. రంగు పూస్తే తన వేళ్ల పనితనమంతా దాని కింద దాగిపోతుందని ఆమె పట్టుదల.

"రంగులేస్తానంటే రెండు వందల బొమ్మలు తీసుకుంటా. గంటలో వస్తా, ఆలోచించుకో."

ఆలోచించక తప్పలేదు. పొద్దుటి నుంచి వచ్చినవాళ్లు ఫొటోలు దిగారు, వెళ్లారు. ఎద్దును చూసి నిద్రపోతోందన్నవాళ్లే అందరూ. ఒక్కరంటే ఒక్కరు నవ్వలేదు.

అప్పుడొచ్చాడొక ముసలాయన, పక్కనున్న భార్య భుజం మీద చెయ్యి వేసుకుని మరీ. ఈ వయసులో ఎంత మురిపెమో అనుకుంది హరిత.

ఆయన కప్పను చేతిలోకి తీసుకున్నాడు. దాని మూతి మీద బొటనవేలు నడిపించి ఫక్కున నవ్వాడు.

"నవ్వు ఆపుకుంటాంది దొంగది!"

తర్వాత ఎద్దును అందుకుని చెవులు, మూతి, కొమ్ములు తడిమాడు.

"ఎవలి మీద అలిగింది బిడ్డా గిది?"

హరిత గుండె పొంగింది. అంతలోనే ఎద్దు కొమ్ము కొన పుటుక్కున విరిగింది.

"ముట్టుడెందుకు తాతా? కండ్లతోని చూస్తె సాలదా!"

ఆయన నవ్వు ఆగిపోయింది.

"తప్పయింది బిడ్డా," అని ఎద్దును మెల్లగా బల్ల మీద పెట్టి, భార్యతో వెళ్లిపోయాడు.

దుకాణదారు అన్న టైముకే వచ్చాడు.

"రంగులెయ్యను సార్," తలెత్తి చెప్పింది హరిత. "సూసుడు తెలిసినోళ్లకు మట్టిల్నే ముఖం కనవడ్తది. ఇప్పుడే ఒకాయన చెప్పిండు, గీ ఎద్దు అలిగిందని. నాకు గది సాలు."

ఇంతలో ముసలాయన భార్య రొప్పుకుంటూ వచ్చింది.

"గా కొమ్మిరిగిన ఎద్దునియ్యి బిడ్డా, కొనుక్కపోత. ఆయనను హాలియా బస్సుల కూసోవెట్టొచ్చిన, జల్ది పోవాలె."

"ఊకెనే తీస్కపో అవ్వా. తాత మీద కోపం జేసిన, ఏమనుకోవద్దని చెప్పు."

"ఆయనేమనుకోడు బిడ్డా," ఎద్దును కొంగులో చుట్టుకుంటూ అందామె. "సూపు పోయి పదేండ్లాయె, మల్ల ఇయ్యాల్నే గింత మనసార నవ్విండు."