గోడవైపు స్పీకర్లు

"అమ్మా, స్పీకర్లు కుర్చీవైపు చూడాలి గానీ గోడవైపు కాదు," అన్నాడు ఉల్పియానో, తీగలచుట్ట నేలమీద పెడుతూ.

"నేను చెప్పినట్టు చెయ్యి నాయనా. ఆ గోడకే తిప్పు," అంది దోన్యా ఎదెల్మీరా.

కాలీ నగరంలో ముప్పై ఏళ్లుగా ఉల్పియానోది ఇదే పని. సాల్సా పాటల పిచ్చోళ్ల ఇళ్లలో స్పీకర్లు అమర్చి, కుర్చీ ఎక్కడ వేసుకోవాలో సుద్దముక్కతో నేలమీద గీసి మరీ వెళ్తాడు. గోడకు పాట వినిపించమన్నవాళ్లు మాత్రం ఇంతవరకూ తగల్లేదు.

"అటువైపు ఎవరుంటారమ్మా?"

"ఒక ముసలాయన. కాలు విరగ్గొట్టుకుని నెల్లాళ్లుగా గడప దాటట్లేదు."

"మరి ఆయనకి ఇబ్బంది కాదూ?"

"కానీ. మొండిఘటం."

ఉల్పియానోకి సంగతి అర్థమైపోయింది. ఇరుగుపొరుగు కక్షలు అతనికి కొత్త కాదు. గోడను వేళ్లతో తట్టి చూశాడు. తక్కినవన్నీ పాతకాలపు మందపాటి మట్టిగోడలు. ఇదొక్కటే తర్వాతెప్పుడో మధ్యలో లేపిన పల్చటి ఇటుకగోడ. చీమ చిటుక్కుమన్నా అవతలికి తెలుస్తుంది.

"ఇక్కణ్ణించి మోత మోగిస్తే ఆయన చెవులు చిల్లులు పడతాయమ్మా."

"మోగించమని ఎవరన్నారు? సౌండు తక్కువే ఉండాలి. పాడేవాడు పక్కన కూర్చుని పాడుతున్నట్టు మాట మాటా తెలియాలి."

ఇదేం కక్షో అతనికి బోధపడలేదు. స్పీకర్లు స్టాండ్లమీదికి ఎత్తాడు.

"ఇంకాస్త కిందికి."

"ఎంత ఎత్తుకమ్మా?"

"కూర్చున్నవాడి తల ఎత్తుకి. ఎడమది కొంచెం జరుపు. అబ్బ, అంత కాదు!"

ఆవిడ సతాయింపుల మధ్యే తీగలు బిగించాడు. ఆవిడ పాత బొలేరో ప్రేమపాటల రికార్డు ఒకటి పెట్టి, గోడమీద అరచెయ్యి ఆనించి పాట సగం దాకా అలాగే నిలబడింది. ఆ తర్వాత అతనికి చల్లటి లులాద పళ్లరసం గ్లాసు అందించి, "చాలు. వెళ్లిరా," అంది.

వీధిలోకి వచ్చాడే గానీ మనసు పీకుతూనే ఉంది. కాలు విరిగిన మనిషి మీద కక్ష తీర్చుకోవడానికి తను చెయ్యి సాయం చేసినట్టయింది. ఉండబట్టలేక పక్కింటి తలుపు తట్టాడు.

"తీసే ఉంది, రా!"

లోపల బక్కపల్చటి పెద్దాయన, కట్టు కట్టిన కాలు స్టూలుమీద చాపుకుని కూర్చున్నాడు. కుర్చీ గోడకు ఆనించి ఉంది. తల కూడా, పాట వినిపిస్తున్న ఆ గోడకే ఆనించి ఉంది.

"పెద్దాయనా, పక్కింట్లో స్పీకర్లు పెట్టింది నేనే. మీకు ఇబ్బందైతే చెప్పండి. ఏదో వంక పెట్టి అటు తిప్పేస్తాను."

"తిప్పి చూడు, నీ కాలూ విరుగుతుంది."

ఉల్పియానో ఒక అడుగు వెనక్కి వేశాడు.

"గొంతు బాగానే వస్తోంది," అన్నాడు పెద్దాయన. "బేసే నీరుగారిపోయింది. ఒకదానికి ఎర్రతీగా నల్లతీగా తారుమారు చేశావు."

ఉల్పియానో చెవి ఒగ్గి విన్నాడు. నిజమే. ఒక స్పీకరు ముందుకు నెడుతుంటే రెండోది వెనక్కి లాగుతోంది. ముప్పై ఏళ్లలో చెయ్యని పొరపాటు! తల కొట్టేసినట్టయింది.

"వెళ్లి సరిచెయ్యి."

"ఏమని చెప్పి వెళ్లను?"

"నీకే అనుమానం వచ్చిందను." పెద్దాయన మళ్లీ గోడకు చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"నేను చెప్పానని మా ఆవిడతో మాత్రం అనకు."