అర్థమైంది

ఆ రోజుల్లో పరిశోధన పత్రాలన్నీ యంత్రాలే రాసేవి. ప్రతి పత్రాన్నీ ఒక మనిషి చదివి 'అర్థమైంది' అని నొక్కాలన్నది చట్టం. ఆ నొక్కుడు కోసమే విశ్వవిద్యాలయాలు ఎండాకాలంలో కంప్యూటర్ సైన్సు విద్యార్థులను ఇంటర్న్‌లుగా తీసుకునేవి.

చింతగుట్ట తండా నుంచి వచ్చిన బానోతు సుగుణ రెండో వారంలో ఒక పత్రం దగ్గర ఆగిపోయింది. అంబులెన్సులు ముందు ఎటు వెళ్లాలో తేల్చే పత్రం అది. యాభైకి తక్కువ ఇళ్లున్న ఊళ్లను లెక్కలోంచే తీసేసింది. సుగుణ తండాలో ముప్పై ఇళ్లు. ఆమెకు ఒళ్లు మండింది. 'అర్థం కాలేదు' అని నొక్కింది.

ల్యాబ్ పెద్ద వైదేహి మేడమ్ విసురుగా వచ్చింది. "రోజుకు రెండొందల పత్రాలు పోవాలె. నువ్వొక్కదానివి ఆపితే ఎట్లమ్మా? నొక్కెయ్."

"నేర్చుకుందామని వచ్చిన మేడమ్. నా వేలు కోసమే పిలిచిన్రా?"

"సర్టిఫికెట్ ఆగిపోతది, చూస్కో."

"ఆగనీయండి. అర్థం కాలేదంటే మనిషే చెప్పాలని చట్టంలనే ఉంది. చెప్పండి. మా వదినకిప్పుడు తొమ్మిదో నెల. రేపు నొప్పులొస్తే మా తండాకు బండి ఎందుకు రాదు?"

మేడమ్ కుర్చీ లాక్కుని పత్రం మొదటిసారి చదివింది. మూడో పేజీలో ఆగి, వెనక్కి వెళ్లి మళ్లీ చదివింది. చివరికి కుర్చీ వెనక్కి నెట్టి లేచి వెళ్లిపోయింది.

సాయంత్రానికి సుగుణను పంపించేశారు. ఆమె కుర్చీలో ఒకరి తర్వాత ఒకరిని, మిగిలిన ఇరవై మంది ఇంటర్న్‌లనూ కూర్చోబెట్టారు. ఆ పత్రానికి ఒక్కరూ 'అర్థమైంది' అని నొక్కలేదు.