మాట వినే ఆవు

జబ్బు ఎవరి నుంచి ఎవరికి అంటిందో చెప్పి తీరాలా? పశువైద్యురాలిగా ఏళ్లుగా మోస్తున్న ప్రశ్న ఇది.

తన ఆవుకు క్షయ అనగానే కాపరి బాబాయి మండిపడ్డాడు. "అడవిలోంచి వచ్చే ఆ జింకల పనే, డాక్టరమ్మా! మేతంతా ఎంగిలి చేస్తున్నాయి. కాల్పించెయ్యండి."

అని దగ్గి, బెదురుతున్న ఆవు ముక్కులోకి మెల్లగా ఊదాడు. అలా ఊదితే మాట వింటుందట.

అది మనిషి నుంచి సోకిన క్షయేనని, బాబాయి దగ్గూ అదేనని పరీక్షల్లో తేలింది. ఆ మాటే అతనికి చెప్పాను.

"నా నుంచేనా? అయితే నాకేం చేస్తారు?"

"మాత్రలిస్తారు, తగ్గిపోతుంది."

"మరి దానికి?"

"చంపాల్సిందే బాబాయ్. నిబంధన."

"భలే న్యాయం తల్లీ మీది!"

ఎవరు లాగినా ఆవు బండెక్కలేదు. చివరికి అతనే ముక్కులో ఊది ఎక్కించాడు.

జింకలు బతికాయి, అతని దగ్గూ తగ్గింది. ఇప్పుడతను ఏ పశువునూ దగ్గరకు రానివ్వడు. నేను నిజం చెప్పాల్సిందో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.