పదహారో పరుగు

“నీ మోకాళ్లకి బంగారు తొడుగులేమన్నా వేయించారట్రా, మ్యాబ్రీ?”

ఎల్రాయ్ గొంతు లేచిందంటే ఈ పక్కనున్న నాలుగు వరసలూ గొల్లున నవ్వాల్సిందే. మిసిసిపీ ఎండలో, ఉడకబెట్టిన వేరుశనక్కాయల పొట్లాలు ఒళ్లో పెట్టుకుని, జనం కాలేజీ ఫుట్‌బాల్ ఆటతో పాటు ఆయన తిట్లు వినడానికి కూడా వస్తున్నారు.

తిట్టకేం చేస్తారు? ఆ ట్రేవన్ మ్యాబ్రీ బంతి చంకన పెట్టుకుని దూసుకొస్తే ఆపడానికి నలుగురు కావాలి. అలాంటివాడు సీజన్ మొదట్లోనే తెగేసి చెప్పాడు. మ్యాచికి పదిహేనుసార్లే బంతి పట్టుకుని పరిగెడతాను, పదహారో పరుగు అడగొద్దు. ఏప్రిల్లో ప్రొఫెషనల్ జట్లు కాలేజీ కుర్రాళ్లను ఏరుకుంటాయి. కోట్ల డాలర్ల మాట. అప్పటిదాకా మోకాళ్లు చెక్కుచెదరకూడదట. కాదంటే వేరే కాలేజీకి పోతానన్నాడు. కోచ్ నోరు మూసుకున్నాడు. ఊరు మాత్రం మూసుకోలేదు.

“మొన్న టైరు పంక్చరై నా కొట్టుకే వచ్చాడు, పెద్దాయనా,” అన్నాడు పక్క సీటు హాయట్. “నాలుగు బోల్టులే విప్పుతాను, ఐదోది అడగొద్దన్నా.”

“బాగా అన్నావు,” అన్నాడు ఎల్రాయ్.

“పెంపకం అలాంటిదిలే,” వెనక వరసలోంచి ఎర్లీన్ అందుకుంది. “వాడికసలు తండ్రంటూ ఉన్నాడా?”

“ఉంటే అదిగో, ఎదురుగా నీడలో ఉంటాడు. ఆటగాళ్ల ఇళ్లవాళ్లంతా అక్కడేగా కూర్చునేది. దొరకాలిగానీ, ముందు ఆయనకి నాలుగు అంటిస్తాను,” అన్నాడు హాయట్.

“నా వాటా మిగల్చవయ్యా,” అన్నాడు ఎల్రాయ్.

ఆయనకు అనే హక్కుంది. కుర్రతనంలో ఆర్కన్సాలో ఓ చిన్న కాలేజీకి ఆడాడు. ఒక్క మ్యాచిలో, బురదలో, నలభైయొక్కసార్లు బంతి మోశాడు. ఇప్పుడు స్టేడియం మెట్లు కమ్మీ పట్టుకుని ఒక్కొక్కటే ఎక్కుతాడు. ఆ సంగతి కొత్తగా వచ్చినవాళ్లందరికీ హాయటే చెబుతాడు. “నలభైయొక్కటి! మగాడంటే అదీ.”

ఇంతమంది ఎర్ర చొక్కాల మధ్య ఆయన టోపీ ఒక్కటే పసుప్పచ్చ. పశువుల దాణా అమ్మేవాళ్లు ఊరికే ఇచ్చింది. జట్టు రంగుది కొనుక్కోవయ్యా అని ఎర్లీన్ వారంవారం పోరుతుంది. ఇది అచ్చొచ్చిన టోపీ అంటాడు. కోపం ముదిరితే దాన్నే తీసి మోకాలి మీద కొట్టుకుంటాడు. పదిహేనో పరుగయ్యేసరికి ఆ కోపం ముదరడం మామూలే.

ఇవాళ ఆట ఏటి అవతలివాళ్లతో. వాళ్లని గెలిచి పదకొండేళ్లయింది. ఆఖరి రెండు నిమిషాలు. మూడు పాయింట్లు వెనకబడి ఉన్నారు. గోలు గీత పన్నెండు గజాల దూరంలో ఉంది.

“పద్నాలుగు!” జనం లెక్కపెట్టారు. మ్యాబ్రీ ఐదు గజాలు లాక్కెళ్లాడు.

“పదిహేను!” ఇంకో నాలుగు. ఇక మిగిలింది మూడే.

మామూలుగా అయితే ఇక్కడ వాడు హెల్మెట్ మీద రెండుసార్లు తట్టుకుని బయటికి నడుస్తాడు. ఇంకో కుర్రాడు లోపలికి వస్తాడు.

వాడు కదల్లేదు. నిలబడి ఇటువైపు చూశాడు.

“చూస్తున్నాడ్రోయ్! సిగ్గొచ్చిందిరా వీడికి!” హాయట్ బెంచీ ఎక్కేశాడు.

ఎల్రాయ్ ఎప్పుడు లేచి నిలబడ్డాడో ఆయనకే తెలీదు. ఒళ్లో వేరుశనక్కాయలు నేలపాలయ్యాయి. కాళ్ల నొప్పి గుర్తులేదు. ఎన్నో ఏళ్లనాటి ఆ బురద వాసన ముక్కుకు తగిలింది.

“వెళ్లరా! గుద్దెయ్! మూడంటే మూడు గజాల్రా!”

ఈసారి అది తిట్టు కాదు.

“పదహారు!” స్టేడియం దద్దరిల్లింది.

ఐదుగురు మీద పడ్డారు. గజం మిగిలింది. పైనున్న ఐదుగురూ లేచారు. మ్యాబ్రీ లేవడానికి కాస్త ఆలస్యమైంది. లేచాక ఎడమకాలు నేలకి ఆనించి, అది నిలుస్తుందో లేదో చూసుకున్నాడు.

ఎల్రాయ్ కూలబడ్డాడు. టోపీ లాగి మోకాలి మీద కొట్టుకున్నాడు. ఆపకుండా కొట్టుకుంటూనే ఉన్నాడు.

మ్యాబ్రీ హెల్మెట్ మీద రెండుసార్లు తట్టుకుని బయటికి నడిచాడు.

ఆ తర్వాత లేచిన గోల ఏటి అవతలికి కూడా వినిపించి ఉంటుంది. ఐసుముక్కలతో సహా కప్పులు మైదానంలోకి ఎగిరాయి. “ఒక్క గజం! ఒక్క గజంరా, దొంగ వెధవా!” హాయట్ మెడ నరాలు ఉబ్బాయి. “నువ్వూ అనవేం, పెద్దాయనా?”

“పిరికి సన్నాసి!” అన్నాడు ఎల్రాయ్. 

మ్యాబ్రీ బదులు వచ్చిన కుర్రాడు బంతి జారవిడిచాడు. ఏటి అవతలివాళ్లు దాని మీద పడి లాగేసుకున్నారు. అంతే, ఆట అయిపోయింది.

మెట్లు దిగేటప్పుడు హాయట్ కళ్లు తుడుచుకుంటున్నాడు. “వచ్చే శనివారం కూడా వస్తావుగా? వాడికి మనమే బుద్ధి చెప్పాలి.”

“వస్తాను.”

“ఆ టోపీ మాత్రం మార్చు. ఇవాళ అది కూడా ముంచింది.”

ఎల్రాయ్ తలూపి, తన ట్రక్కు దాకా కుంటుకుంటూ వెళ్లాడు. ఇంటిదారి పట్టలేదు. రెండు మైళ్లు పోయి, మూతపడ్డ పెట్రోలు బంకు వెనక ఆపాడు. టోపీ తీసి అద్దం ముందు పడేశాడు. 

అరగంటకి ఎవరో తలుపు తీసుకుని పక్కన ఎక్కి కూర్చున్నారు. ముక్కుదాకా లాక్కున్న హుడ్డు, ఎడమ మోకాలికి కట్టిన ఐసు సంచి.

“పదిహేనుకే తియ్యాల్సిన టోపీ ఇవాళ పదహారు దాకా తియ్యలేదేం, నాన్నా?”